సాక్ష్యంలో లేని మాట

వద్దన్నది జెనిఫర్. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది. తర్వాత చాలామంది చాలా మాటలు మాట్లాడారు గాని, ఈ ఒక్క ముక్క మాత్రం ఎవరి నోటా రాలేదు.

అప్పటికి ఆమెకు ఇరవై రెండో ఏడు నడుస్తోంది. గుడివాడలో బీఎస్సీ పూర్తిచేసి, బందరులో యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చేరింది. హాస్టల్లో ఉంటూ శనివారం సాయంత్రం రైలెక్కి ఇంటికి వచ్చేది. అభిషేక్‌ది కూడా గుడివాడే, ఒకటే చర్చి. ఆమెకంటే ఏడాది పెద్ద. అతను అదే యూనివర్సిటీలో ఎంబీఏలో చేరి, బందరు బస్టాండుకు దగ్గర్లో ఇద్దరు స్నేహితులతో కలిసి గది తీసుకున్నాడు. క్వయర్లో కలిసి పాడిన రోజుల నుంచీ ఒకరంటే ఒకరికి ఇష్టం. చదువులై ఉద్యోగాలు వచ్చాక పెళ్ళి చేసుకుందామని ఇద్దరూ అనుకున్నారు. పెద్దవాళ్ళు ఔననూ లేదు, కాదననూ లేదు. చూసీచూడనట్టు ఉన్నారు.

వినాయక చవితికి గదిలోని మిగతా ఇద్దరూ ఊళ్ళకు వెళ్ళారు. ఆ సంగతి అభిషేక్ ఫోన్లో చెప్పాడు. రమ్మనలేదు, చెప్పాడంతే. ఆమే వెళ్ళింది. ఎందుకు చెప్పాడో తెలియని పిల్లేం కాదు. మెట్లెక్కేటప్పటికి సగం మనసు ఒప్పుకొనే ఉంది.

అతను టీ పెట్టాడు. పాలు పొంగి సగం స్టవ్ మీద పోయాయి. మిగిలిందే తాగారు. తర్వాత అతను దగ్గరగా జరిగి, చెయ్యి పట్టుకొని అడిగాడు. మర్యాదగానే అడిగాడు. ఆమె గ్లాసు కింద పెట్టి, ఎదుటి డాబా మీద ఎవరో ఆరేసిన దుప్పట్ల వంక చూస్తూ కూర్చుంది.

అమ్మ పోయి ఏడాదయింది. ఆ ఏడాదంతా ఎవరు భుజం మీద చెయ్యి వేసినా జెనిఫర్‌కు ఏడుపొచ్చేది. ఎవరు ఏమడిగినా సరేననేది. అమ్మ చీరలు పంచేద్దామని నానమ్మ అంటే సరేనంది. కెమిస్ట్రీ తీసుకోమని నాన్న అంటే సరేనంది. అమ్మ గదిలో మంచం తీసేస్తామంటే దానికీ సరేనంది. ఇప్పుడు ఈ చెయ్యి వెచ్చగా ఉంది. దీనికీ సరేనంటే, అది కూడా ఆ వరసలోదే అవుతుందని ఆమెకు తోచింది.

"వద్దు అభీ," అంది.

"భయమా?"

"భయం కాదు. పెళ్ళిదాకా వద్దు."

"ఇక్కడ మనల్నెవరు చూస్తారు?"

"ఎవరో చూస్తారని కాదు. దేవుడు చూస్తాడని చిన్నప్పట్నుంచీ వింటున్నాం కదా, అదీ ఉంది. కానీ అదొక్కటే కాదు. ఇది నేను బాగా ఆలోచించుకొని, నా అంతట నేను ఒప్పుకోవాల్సిన సంగతి. ఇప్పుడు నేను అడిగినవాళ్ళందరికీ తలూపుతున్నాను. అందుకని వద్దు."

అతనికి అర్థం కాలేదు. ముఖం గంటు పెట్టుకొని, "అయితే వచ్చిందెందుకు?" అన్నాడు.

"వచ్చాకే తెలిసింది," అంది.

ఆటో ఎక్కించడానికి అతను కిందికి రాలేదు. మర్నాడు ఫోన్ ఎత్తలేదు. ఆ మర్నాడు మాత్రం క్యాంటీన్లో ఎదురుగా వచ్చి కూర్చొని, "నేనూ ఆలోచించాను. నువ్వన్నదే బాగుంది. ఇంక అడగను," అన్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా. అతని గురించి చెప్పుకోవలసిన మంచి అది.

హాస్టల్లో ఆమె గదిలో ఉండే దివ్యశ్రీది నాగాయలంక అవతల సముద్రం ఒడ్డు పల్లె. తండ్రి వేటకు వెళ్తాడు, తల్లి చేపలు అమ్ముతుంది. తన నోరు మంచిది కాదని తనే చెప్పుకుంటుంది. జెనిఫర్ జరిగిందంతా ఆమెకొక్కదానికే చెప్పింది.

"అయితే సన్నాసుల్లో కలిశావన్నమాట," అంది దివ్యశ్రీ.

"సన్నాసం ఏంటే! పెళ్ళిదాకానే."

"పెళ్ళెప్పుడు?"

"నాలుగేళ్ళు పట్టొచ్చు."

"నాలుగేళ్ళే! మా నాన్న వేటకెళ్ళి నాలుగు రోజులు రాకపోతేనే మా అమ్మ గంగమ్మను కూడా తిడుతుంది." నవ్వడం అయ్యాక దివ్యశ్రీ దుప్పటి దులుపుతూ, "నేనైతే ఏం చేసేదాన్నో నన్నడక్కు. కానీ నువ్వొద్దన్నావు, అతనాగాడు. మా ఊళ్ళో ఈ రెండూ ఒకే ఇంట్లో చూళ్ళేదు," అంది.

తర్వాత నెల రోజులూ జెనిఫర్‌కు తేలిగ్గా ఉంది. అన్నం సయించింది. ల్యాబ్‌లో పని మీద మనసు నిలిచింది. చాలాకాలానికి తనంతట తాను అనుకొని చేసిన పని అది. ఇంకెవరికీ చెప్పాలనిపించలేదు.

దసరా సెలవుల్లో అవనిగడ్డలో యవ్వనస్థుల కూడికలు పెట్టారు. గుడివాడ చర్చి నుంచి ఒక బస్సు మాట్లాడుకొని వెళ్ళారు. ఆడపిల్లలకు తోడుగా పాస్టరు గారి భార్య సరళమ్మగారు వచ్చారు. షామియానా కింద మగపిల్లలు ఒక పక్క, చున్నీలు తలమీద కప్పుకొని ఆడపిల్లలు ఒక పక్క. చివరి రోజు మధ్యాహ్నం సాక్ష్యాలు.

సాక్ష్యానికి ఒక వరస ఉంది. దాన్ని ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, వినగా వినగా వస్తుంది. ముందు నేను చీకట్లో ఉన్నాననాలి. ఆ చీకటి ఎలాంటిదో కాస్త చెప్పాలి. తర్వాత ఒక రోజు దేవుడు మాట్లాడతాడు, చీకటి పోతుంది. చీకటి ఎంత చిక్కగా ఉంటే చివర స్తోత్రాలు అంత గట్టిగా పలుకుతాయి. ఏ అలవాటూ లేనివాడు కూడా మైకు చేతికొస్తే పెట్టెడు సిగరెట్లు కాల్చినవాడిలా మాట్లాడతాడు. అందులో మోసమేం లేదు. ఆ వరసలో తప్ప ఇంకోలా చెప్పడం వాళ్ళెవరూ వినలేదు.

అభిషేక్ లేచి మైకు దగ్గరికి వెళ్తుంటే జెనిఫర్‌కు ఆశ్చర్యం వేసింది. చెబుతానని ఆమెతో అనలేదు.

"ప్రభువునందు ప్రియులందరికీ వందనాలు," అని మొదలుపెట్టాడు. "యూనివర్సిటీలో చేరిన కొత్తలో నేను గొప్ప శోధనలో పడ్డాను. నేను ప్రేమించిన అమ్మాయి ద్వారానే అపవాదియైన సాతాను నన్ను పాపంలోకి లాగాలని శోధించాడు. ఒక పండగ రోజు, గదిలో ఎవరూ లేని సమయంలో, ఆమె నా గదికి వచ్చింది." ఇక్కడ గొంతు వణికింది. వణుకు నిజమైనదే. "పడిపోవలసినవాణ్ణి. కానీ ఆ గదిలో దేవుడు నాతో మాట్లాడాడు. నన్ను నిలబెట్టాడు. పెళ్ళయ్యేవరకు పరిశుద్ధంగా ఉంటానని తీర్మానం చేసుకున్నాను. మీరూ చేసుకోండి."

స్తోత్రం, స్తోత్రం అని షామియానా అంతా మోగింది. చప్పట్లు కొట్టారు. కొందరు కుర్రాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఇటు పక్క గుడివాడ ఆడపిల్లలు మాత్రం ఒక్కొక్కరే తల తిప్పి జెనిఫర్ వంక చూశారు. అభిషేక్ ప్రేమించిన అమ్మాయి ఎవరో వాళ్ళలో తెలియనివాళ్ళు లేరు. సరళమ్మగారు తల తిప్పలేదు. కళ్ళు మూసుకొని పెదవులు కదుపుతూ ఉండిపోయారు. వేదిక ముందు స్టాండుకు బిగించిన ఫోన్ ఇదంతా ఇళ్ళల్లో ఉన్నవాళ్ళకు కూడా చూపిస్తోంది.

తిరుగు ప్రయాణంలో, మోపిదేవి దగ్గర గుడికొచ్చిన కార్లూ వ్యాన్లూ రోడ్డుకు అడ్డంపడి బస్సు ఆగిపోయింది. కుర్రాళ్ళు కిందికి దిగారు. జెనిఫర్ కూడా దిగి, చెరకు రసం బండి పక్కన నిలబడ్డ అభిషేక్ దగ్గరికి నేరుగా వెళ్ళింది.

"ఎలా చెప్పాను?" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. "ముగ్గురు వచ్చి నా చెయ్యి పట్టుకొని తీర్మానం చేసుకున్నారు, తెలుసా?"

"వద్దన్నదెవరు అభీ?"

"ఎక్కడ?"

"గదిలో. వద్దన్నదెవరు?"

అతను చేతిలో గ్లాసు వంక చూశాడు. "నువ్వే. అయితే? నీ నోటితో దేవుడు మాట్లాడాడనే కదా నా భావం."

"ఆ ముక్క చెప్పలేదే! నేను గదికొచ్చానని చెప్పావు. తర్వాత దేవుడు మాట్లాడాడన్నావు. ఆ మధ్యలో నేనేం చేస్తున్నాననుకుంటారు వినేవాళ్ళు?"

"నీ పేరు ఎత్తలేదు కదా, జెన్నీ."

"పేరెత్తితే బాగుండేది. అప్పుడు నేనూ మనిషిననుకునేవాళ్ళు. నీ సాక్ష్యంలో నేను శోధనని. నువ్వు గెలిచావు, నేను ఓడాను. అంతే కదా!"

"అందరూ అలాగే చెప్తారు," అన్నాడు. ఏ కుట్రా లేకుండా, ఉన్నమాటే అన్నాడు. డ్రైవర్ హారన్ కొట్టాడు. జెనిఫర్ వెళ్ళి సరళమ్మగారి వెనక సీట్లో కూర్చుంది.

ఇంట్లో నానమ్మ జ్ఞానమ్మ గుమ్మంలోనే ఉంది. ఫోన్లో అంతా చూసింది.

"ఆ గదికెందుకెళ్ళావే?" అంది, బ్యాగు కింద పెట్టనివ్వకుండా.

"వెళ్ళాను నానమ్మా. వెళ్ళి, వద్దని చెప్పి వచ్చేశాను."

"ఏం జరగలేదా?"

"టీ తాగాను."

జ్ఞానమ్మ మనవరాలి ముఖంలోకి కాసేపు చూసింది. నమ్మింది. నమ్మి, నిట్టూర్చి, "నేన్నమ్మితే ఏం లాభం? ఊరికి టీ సంగతి ఎవరు చెప్తారు?" అంది.

సరళమ్మగారు గురువారం సాయంత్రం వచ్చారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. జెనిఫర్ తల్లి ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ క్యారేజీ పంపిన మనిషి. కుర్చీలో కూర్చొని, మంచినీళ్ళు తాగి, జెనిఫర్‌ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ఆదివారం ప్రభువు బల్ల ఉంది కదమ్మా," అన్నారు.

ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు. మనసులో ఏదైనా బరువున్నవాళ్ళు, సంఘం మందలించినవాళ్ళు ఆ రోజు తీసుకోరు. పళ్ళెం తమ ముందుకు వచ్చినప్పుడు తల వంచుకొని దాటనిస్తారు. దాటనిచ్చినవాళ్ళెవరో చర్చిలో అందరికీ కనిపిస్తుంది. కారణం మధ్యాహ్నం భోజనాల్లోపు ఊహించుకుంటారు.

"ఈ ఒక్క నెలా ఆగమ్మా. నువ్వు ఒకసారి పాస్టరు అయ్యగారితో మాట్లాడు, ప్రార్థన చేసుకుందాం. వచ్చే నెల తీసుకుందువుగాని."

"నేనేం చేశానండీ?"

"ఏం చేశావని నేనడగలేదు తల్లీ."

"అడగండి. అడిగితే చెప్తాను కదండీ."

సరళమ్మగారు ఇబ్బందిగా జ్ఞానమ్మ వంక చూశారు. "ఆడపిల్లని అలాంటివి ఎలా అడుగుతామమ్మా? మా పిల్లవి నువ్వు. నీ మంచికే చెప్తున్నాను. అభిషేక్ బయటపడ్డాడు, దేవుడు వాణ్ణి వాడుకుంటున్నాడు. నువ్వూ మనసు తేలిక చేసుకో."

"నా మనసు తేలిగ్గానే ఉందండీ," అంది జెనిఫర్. "మొన్నటిదాకా."

ఆవిడ వెళ్ళాక జ్ఞానమ్మ కూర తరుగుతూ, "ఒక్క నెలే కదే. తల వంచుకు కూర్చుంటే ఏం పోతుంది? నీ పెళ్ళి కావాలి, నాలుగిళ్ళల్లో తిరగాలి మనం," అంది. తల వంచితే ఏం పోతుందో జెనిఫర్‌కు తెలుసు. ఒప్పుకున్నట్టు అవుతుంది. ఆ ఏడాదిలో తను గట్టిగా అన్న ఒక్క మాటా, అసలు అననట్టే అయిపోతుంది.

తండ్రి సత్యానందం డిపోలో మెకానిక్. చర్చిలో సంఘ పెద్ద. ఆడవాళ్ళ వైపు రొట్టె పళ్ళెం పట్టుకెళ్ళేది ఆయనే. ఇంట్లో ఈ మాటలన్నీ జరుగుతున్నా ఆయన నోరు విప్పలేదు. భార్య పోయినప్పటి నుంచీ ఆయనకు మాట తగ్గింది. శనివారం పొద్దున పెరట్లో స్కూటర్ ప్లగ్గు విప్పి తుడుస్తుంటే జెనిఫర్ వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

"నాన్నా, నేను చెప్తాను, విను."

"నాకు చెప్పక్కర్లేదమ్మా."

"నాకు చెప్పాలనుంది."

చెప్పింది. గదికి వెళ్ళింది మొదలు, టీ, దుప్పట్లు, తనన్న మాట, అతనన్న మాట, అన్నీ. ఎందుకు వద్దందో కూడా చెప్పింది. ఆ ఏడాది తను వేటికి సరేనందో చెబుతుంటే సత్యానందం చేతిలో గుడ్డ ఆగింది.

"కెమిస్ట్రీ కూడానా?" అన్నాడు.

"కెమిస్ట్రీ ఇప్పుడు బాగానే ఉంది నాన్నా."

ఆయన ప్లగ్గు బిగించాడు. చేతులు తుడుచుకున్నాడు. "పళ్ళెం నా చేతిలో ఉంటుంది. నేను ఎవరి దగ్గరా ఆపను, ఎవర్నీ దాటించను. అందరి ముందూ ఎంతసేపు నిలబడతానో నీ ముందూ అంతసేపే నిలబడతాను. తీసుకునేది, మానేది నీ ఇష్టం," అన్నాడు.

"తీసుకుంటే నీకు మాటొస్తుందేమో."

"వస్తే నేను పడతాను. అది నీ పని కాదు."

ఆ మధ్యాహ్నం అభిషేక్ ఫోన్ చేశాడు. మాట అతనిదాకా వచ్చింది. సరళమ్మగారు జెనిఫర్‌ను ఆగమన్నారని వాళ్ళమ్మే చెప్పిందట.

"రేపు నేను లేచి మళ్ళీ చెప్తాను జెన్నీ. అందరి ముందూ చెప్తాను, తప్పు నాదేనని."

"వద్దు."

"అదేంటి?"

"మళ్ళీ మైకు పట్టుకుంటే మళ్ళీ నీ సాక్ష్యమే అవుతుంది. తనను తాను ఎంత తగ్గించుకున్నాడో అని మళ్ళీ నీకే స్తోత్రాలు చెప్తారు. నేను మళ్ళీ ఆ గదిలోనే ఉంటాను."

"మరేం చెయ్యమంటావ్?"

"సరళమ్మగారింటికి వెళ్ళు. కూర్చొని జరిగింది జరిగినట్టు చెప్పు. మైకు లేకుండా."

"ఆవిడకా? ఆవిడతో అలాంటివి ఎలా చెప్పేది?"

"అవనిగడ్డలో అంతమందికి చెప్పావుగా. ఆవిడా అందులోనే ఉన్నారు." కాస్త ఆగి, "నువ్వు వెళ్ళినా వెళ్ళకపోయినా నేను రేపు బల్ల తీసుకుంటాను. దాన్ని దీనికి ముడిపెట్టకు," అని ఫోన్ పెట్టేసింది.

దివ్యశ్రీకి ఫోన్ చేస్తే అంతా విని, "ఆగాగు. వద్దన్నది నువ్వు, చప్పట్లు అతనికా?" అంది. "మా ఊళ్ళో అయితే ఇలాంటిదానికి పెద్దమనుషులు కూర్చుని తగువు తీరుస్తారు. మీకు రొట్టె ముక్కతో తీరుతుందా?"

"చూద్దాం," అంది జెనిఫర్.

ఆదివారం చర్చి నిండుగా ఉంది. జెనిఫర్ ఎప్పుడూ కూర్చునే చోటే, నానమ్మ పక్కన కూర్చుంది. పాటలయ్యాయి, వాక్యం అయింది. ఎవరి సంగతి వారు చూసుకొని బల్ల దగ్గరికి రండని అయ్యగారు ప్రతి నెలా చెప్పేదే చెప్పారు. జెనిఫర్ కళ్ళు మూసుకొని తన సంగతి తను చూసుకుంది. దొరికినవి ఉన్నాయి. నానమ్మ మీద విసుక్కున్నది ఉంది. అభిషేక్ మీద కోపం ఉంది, అది ఇంకా పోలేదు. దివ్యశ్రీ షాంపూను అడక్కుండా తను వాడింది ఉంది. ఆ గదిది మాత్రం అందులో లేదు. ఎంత వెతికినా లేదు.

సత్యానందం పళ్ళెం పట్టుకొని మొదటి వరసలోంచి వస్తున్నాడు. తెల్ల చొక్కా, ముఖంలో ఏమీ లేదు. ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరగబోయి ఆగారు. పక్కన జ్ఞానమ్మ రొట్టె తీసుకొని గుప్పెట్లో పెట్టుకుంది. పళ్ళెం జెనిఫర్ ముందుకు వచ్చింది. తండ్రి చూపు పళ్ళెం మీదే ఉంది, ఆమె మీద లేదు. ఆమె చెయ్యి చాచింది. రెండు ముక్కలు అంటుకొని వచ్చాయి. ఒకదాన్ని వేలితో విడదీసి పళ్ళెంలో వదిలి, ఒకటి తీసుకుంది. పళ్ళెం పక్కావిడ ముందుకు వెళ్ళింది. ఆవిడ కూడా తీసుకుంది. అంతే. అభిషేక్ తీసుకున్నాడో మానేశాడో ఆమె అటు చూడలేదు.

బయట చెప్పులు వేసుకుంటుంటే సరళమ్మగారు వచ్చి, గొంతు తగ్గించి, "అయ్యగారితో ఒక్క మాట అయినా మాట్లాడలేదే తల్లీ," అన్నారు. కోపం కంటే బాధే ఎక్కువ ఉంది ఆ గొంతులో.

"మాట్లాడాల్సింది ఉంటే నేనే వస్తానండీ. ఇది మాత్రం లేదు."

"అందరూ ఏమనుకుంటారు?"

"వద్దన్నది నేనేనండీ, సరళమ్మగారూ. ఆ రోజు గదిలో వద్దని చెప్పి వచ్చేసింది నేను. మీరు నమ్మినా సరే, నమ్మకపోయినా సరే. మీకు చెప్పాలనిపించింది, చెప్పాను."

ఆవిడ పమిట సర్దుకొని లోపలికి వెళ్ళిపోయారు. నమ్మారో లేదో ముఖం చూస్తే తెలియలేదు. జ్ఞానమ్మ మనవరాలి మోచెయ్యి పట్టుకొని, "నడువు, ఎండెక్కుతోంది," అంది. గేటు దాటేటప్పుడు ఇద్దరు ఆడవాళ్ళు పలకరించారు, ఒకావిడ పలకరించలేదు.

సాయంత్రం స్టేషన్‌కు సత్యానందం స్కూటర్ మీద దింపాడు. దారిలో పాస్టరుగారి ఇల్లు. వరండా మెట్ల మీద అభిషేక్ చెప్పులు విప్పుతూ కనిపించాడు. సత్యానందం స్కూటర్ నెమ్మది చేశాడు.

"ఆపనా?"

"వద్దు నాన్నా. రైలు పోతుంది."

గుడ్లవల్లేరు దాటాక ఫోన్లో అతని మెసేజ్ వచ్చింది. "చెప్పాను. అంతా. వద్దన్నది నువ్వేనని, నేను అలిగానని కూడా."

"ఆవిడేమన్నారు?"

"ఏం అనలేదు. మజ్జిగ ఇచ్చారు. మనం ఇంక మామూలే కదా?"

జెనిఫర్ ఆ ప్రశ్న వంక కాసేపు చూసింది. అతను వెళ్ళాడు, అది మంచిదే. అడిగాక వెళ్ళాడు, అదీ నిజమే. పెళ్ళిదాకా వద్దన్నది ఎప్పుడో తేలిపోయిన సంగతి. దానికి అతనితో గాని, చర్చితో గాని పనిలేదు. ఆ పెళ్ళి ఇతనితోనా అన్నది మాత్రం వేరే ప్రశ్న.

"తెలీదు. ఆలోచిస్తున్నాను," అని రాసి పంపింది. కిటికీ అవతల కోతకు రాని చేలు పచ్చగా వెనక్కి పోతున్నాయి. తొందరేం లేదు.